క్లోరిన్ ముప్పై అయిదున్నర

మొన్నామధ్య ఓ ఆదివారం మధ్యాహ్నం, సుష్టుగా తిని నడుం వాలుద్దామనుకుంటుండగా మా అక్క కూతురు ఫోన్ చేసింది. తొమ్మిదో తరగతి చదువుతోంది. హలో లేదు, బాగున్నావా లేదు.

"మామయ్యా, న్యూట్రాన్ ని సగానికి కొయ్యొచ్చా?"

"కుదరదమ్మా. ఎందుకు?"

"క్లోరిన్ పరమాణు భారం 35.5 అని ఉంది. ప్రోటాన్లు 17. భారంలోంచి ప్రోటాన్లు తీసేస్తే మిగిలేవి న్యూట్రాన్లు అని చెప్పారు. తీసేస్తే పద్దెనిమిదిన్నర వచ్చింది. ఆ అర ముక్క ఎక్కణ్ణించి వచ్చింది?"

నేనేం చెప్పానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. "అది సగటులేమ్మా. అలా గుర్తు పెట్టుకో. పరీక్షలో 35.5 వేసి లెక్క చేసెయ్, మార్కులొచ్చేస్తాయి" అన్నా. "దేనికి సగటు?" అంది. "పై క్లాసులో చెప్తార్లే" అన్నా. అటునుంచి ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత "సరే మామయ్యా" అని పెట్టేసింది.

ఆ "సరే" వినగానే నిద్ర ఎగిరిపోయింది. ఎందుకంటే ఆ "సరే" నాది. నేను సరిగ్గా అదే క్లాసులో, అదే ప్రశ్నకి, అదే జవాబు విని, అలాగే అన్నాను.

అప్పట్లో మాకు పరమాణు భారాలు ఎక్కాల్లాగా బట్టీ పట్టించేవాళ్ళు. హైడ్రోజన్ ఒకటి, కార్బన్ పన్నెండు, నైట్రోజన్ పద్నాలుగు, ఆక్సిజన్ పదహారు, సోడియం ఇరవై మూడు... రాగయుక్తంగా సాగిపోతున్న బండి క్లోరిన్ దగ్గరికొచ్చేసరికి ముప్పై అయిదున్నర అని ఓ కుదుపు కుదిపేది. నేను లేచి, సార్, ఆ అర ఏంటి సార్ అని అడిగాను. సార్ నవ్వారు. సార్ నవ్వారు కాబట్టి క్లాసంతా నవ్వింది. "పై క్లాసులో చెప్తారు, కూర్చో" అన్నారు. ఆ ఏడాదంతా నా పేరు 'అర న్యూట్రాను'. సార్ మంచివారే, కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ తర్వాత సైన్సు క్లాసులో నేను మళ్ళీ లేచి నిలబడినట్టు నాకు గుర్తు లేదు.

పై క్లాసు అంటే ఇంటర్. అక్కడ "ఇవన్నీ కింద క్లాసుల్లో చదివే వచ్చుంటారు" అని మోల్ లెక్కల్లోకి దూకేశారు. ఎంసెట్ కి క్లోరిన్ 35.5 తో ఎన్ని వందల లెక్కలు చేశానో. ఆ తర్వాత ఇంజనీరింగ్ మొదటి ఏడాది కెమిస్ట్రీలో నీటి కాఠిన్యం, ఇనుముకి తుప్పు. ఎక్కడా ఎవరూ ఆ అర గురించి మళ్ళీ ఎత్తలేదు, నేనూ అడగలేదు. డిగ్రీ వచ్చింది, ఉద్యోగం వచ్చింది. ఇప్పుడు పదమూడేళ్ళ పిల్ల అడిగితే 'సగటు' అన్న మాట తప్ప నా దగ్గర ఏమీ లేదని తేలింది. ఆ మాట కూడా నాకు అర్థమై చెప్పింది కాదు, ఎక్కడో విన్నది.

సరే, ఆ రాత్రి కూర్చుని చదివాను. నాకు తట్టిన మొదటి సంగతి, మన పుస్తకాల్లో మూడు వేర్వేరు విషయాలకి ఒకేలా వినబడే పేర్లు పెట్టి ఒకే పేజీలో కుక్కారు. పరమాణు సంఖ్య, ద్రవ్యరాశి సంఖ్య, పరమాణు భారం. మొదటి రెండూ లెక్కపెట్టేవి. కేంద్రకంలో ప్రోటాన్లు ఎన్ని అంటే పరమాణు సంఖ్య. ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిపి ఎన్ని తలకాయలు అంటే ద్రవ్యరాశి సంఖ్య. ఈ రెండూ ఎప్పుడూ పూర్ణాంకాలే, ఎందుకంటే తలకాయల్ని లెక్కపెడుతున్నాం. మూడోది లెక్కపెట్టేది కాదు, తూచేది. అది కూడా ఒక్క పరమాణువుని కాదు, భూమ్మీద దొరికే క్లోరిన్ ని కుప్పగా పోసి తూచి, తలకి ఎంత పడిందో చెప్పేది. మా అక్క కూతురు చేసిన తప్పల్లా (అది చేసింది కాదు, దానితో చేయించింది) తూచిన దాంట్లోంచి లెక్కపెట్టింది తీసెయ్యడం.

ఇదంతా దానికి ఎలా చెప్పాలి? బ్రాడ్ మన్ సగటు 99.94 కదా, కానీ ఆయన ఏ ఒక్క ఇన్నింగ్స్ లోనూ 99.94 కొట్టలేదు కదా అని చెబుదామనుకున్నా. దానికి క్రికెట్ అంటే చిరాకు. ఇంకోటి వెతకాల్సొచ్చింది.

మా నాన్నకి మణుగూరు వైపు ఓ చిన్న ఊళ్ళో కిరాణా కొట్టుంది. అక్కావాళ్ళ ఇల్లు ఆ పక్క వీధే. పిల్ల సాయంత్రాలు తాతయ్య కొట్టులోనే ఉంటుంది. మర్నాడు సాయంత్రం ఫోన్ చేసి, "గల్లాపెట్టెలో అయిదు రూపాయల బిళ్ళలు తియ్యి" అన్నా. అయిదు రూపాయల్లో రెండు రకాలు చూసే ఉంటారు. తెల్లగా, మందంగా, బరువుగా ఉండే పాతవి. పల్చగా, పసుప్పచ్చగా ఉండే తర్వాతివి. పాతవి ఓ పది ఏరి కాటా మీద పెట్టమన్నా. 90 గ్రాములు చూపించింది. పసుప్పచ్చవి పది పెడితే 60. అంటే పాతది తొమ్మిది గ్రాములు, కొత్తది ఆరు.

"ఇప్పుడు చెప్పు. ఈ రెంటికీ తాతయ్య ఇచ్చే సరుకులో తేడా ఉంటుందా?"

"ఎందుకుంటుంది? రెండూ అయిదే కదా."

"అదీ పరమాణు సంఖ్య. బిళ్ళ మీద ఏం అచ్చేశారో అది. బరువు ఎంతైనా కానీ, 17 అని అచ్చేసి ఉంటే అది క్లోరినే. సోడియంతో కలిసి ఉప్పవుతుంది. కేంద్రకంలో ఎన్ని ప్రోటాన్లో చుట్టూ అన్ని ఎలక్ట్రాన్లు, బేరసారాలన్నీ ఆ ఎలక్ట్రాన్లవి. న్యూట్రాన్లు ఎక్కువైనా తక్కువైనా బేరంలో మార్పుండదు, బరువులో ఉంటుంది."

ఆ తర్వాత అసలు ఆట. కళ్ళు మూసుకుని గల్లాలోంచి నలభై బిళ్ళలు తీసి, చూడకుండా సంచిలో వేసి తూచమన్నా. 265 గ్రాములు వచ్చింది. నలభైతో భాగిస్తే తలకి 6.625. "ఇప్పుడు 6.625 గ్రాముల అయిదు రూపాయల బిళ్ళ ఒక్కటి వెతికి చూపించు" అన్నా. కాసేపు నవ్వింది. తర్వాత తనే అంది, "ఉండు ఉండు, సంచి విప్పకుండానే అందులో పాతవెన్నో చెప్పొచ్చు కదా?" అని.

చూశారా, ఇది నేను అడగలేదు! పలక తీసుకుని (పలకంటే పలక కాదు, తాతయ్య అప్పుల పుస్తకం వెనక అట్ట) లెక్క కట్టింది. అన్నీ కొత్తవైతే 240 ఉండాలి, 265 ఉంది, 25 గ్రాములు ఎక్కువ, ఒక్కో పాత బిళ్ళకి 3 గ్రాములు ఎక్కువ, 25 ని 3 తో భాగిస్తే ఎనిమిది పైచిలుకు. సంచి విప్పి చూస్తే సరిగ్గా ఎనిమిది. ఆ పైచిలుకు ఏంటని మళ్ళీ గొడవ పెట్టుకుంది. తాతయ్య కాటా 5 గ్రాముల మెట్ల మీదే చూపిస్తుందనీ, అసలు 264 ఉండుంటుందనీ చెప్పి ఒప్పించేసరికి పది నిమిషాలు పట్టింది.

క్లోరిన్ సంచి కూడా ఇలాంటిదే. ప్రతి నాలుగు పరమాణువుల్లో దాదాపు మూడింటికి ద్రవ్యరాశి సంఖ్య 35 (18 న్యూట్రాన్లు), ఒకదానికి 37 (20 న్యూట్రాన్లు). ఖచ్చితంగా చెప్పాలంటే 75.8 శాతం, 24.2 శాతం. మూడు ముప్పై అయిదులు, ఒక ముప్పై ఏడు కలిపి 142, నాలుగుతో భాగిస్తే 35.5. పద్దెనిమిదిన్నర న్యూట్రాన్లున్న క్లోరిన్ సృష్టిలో ఎక్కడా లేదు. మన వంటింట్లో ఉప్పు డబ్బా ఉంది కదా, దాని ఫార్ములా భారం 58.5 అని వందసార్లు రాసుంటాం. సోడియం ప్రకృతిలో ఒక్క 23 గానే దొరుకుతుంది కాబట్టి, ఆ డబ్బాలో సోడియం-క్లోరిన్ జత ఏది పట్టుకున్నా 58 అయినా ఉంటుంది, 60 అయినా ఉంటుంది. 58.5 మాత్రం డబ్బా మొత్తం వెతికినా ఒక్కటి దొరకదు. పన్నెండేళ్ళు ఆ సంఖ్య వాడాక ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుందో నన్నడగండి.

నన్ను ఇంకా ఆశ్చర్యపరిచిందేంటంటే, ఈ అర ముక్క పెద్ద పెద్దవాళ్ళని కూడా వందేళ్ళు ఏడిపించింది. 1815లో విలియం ప్రౌట్ అనే ఇంగ్లీషు డాక్టరు, పరమాణు భారాలన్నీ హైడ్రోజన్ భారానికి గుణిజాలుగా కనిపిస్తున్నాయి, కాబట్టి అన్ని మూలకాలూ హైడ్రోజన్ తోనే కట్టినవై ఉంటాయి అన్నాడు. ఎంత అందమైన ఊహ! కానీ క్లోరిన్ వచ్చి అడ్డంగా కూర్చుంది, 35.5 అంటూ. తప్పు తూకంలో ఉందేమోనని మళ్ళీ మళ్ళీ తూచారు, అది దిగలేదు. పాపం వాళ్ళకి సంచిని తూచడమే వచ్చు, బిళ్ళని ఒక్కొక్కటిగా తూచడం రాదు. ఒకే మూలకంలో వేర్వేరు బరువుల పరమాణువులు ఉంటాయన్న మాటని 1913లో ఫ్రెడరిక్ సాడీ గట్టిగా చెప్పి, ఐసోటోపులు అని పేరు పెట్టాడు. ఆ పేరు సూచించింది మార్గరెట్ టాడ్ అనే డాక్టరమ్మ. గ్రీకులో 'అదే చోటు' అని అర్థం, అంటే ఆవర్తన పట్టికలో అదే గడి. 1919లో కేంబ్రిడ్జ్ లో ఫ్రాన్సిస్ ఆస్టన్ విద్యుత్, అయస్కాంత క్షేత్రాలతో పరమాణువుల్ని బరువుని బట్టి విడగొట్టే యంత్రం కట్టాక సంచి విప్పి చూసినట్టయింది. క్లోరిన్ లో 35, 37 విడివిడిగా కనబడ్డాయి. 1922లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. నన్ను 'అర న్యూట్రాను' అన్నవాళ్ళందరికీ ఈ సంగతి చెప్పాలనుంది :)

ఇంతవరకూ భారం గొడవ. సంఖ్య గొడవ ఇంకా బాగుంటుంది, అందులో నా వృత్తికి సంబంధించిన నొప్పి కూడా ఉంది.

నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఓ రిపోర్టు రాశాను. ఖాతాల్లో జరిగిన లావాదేవీలన్నీ వరసలో చూపించాలి. వరస దేన్ని బట్టి? సహజంగానే సమయాన్ని బట్టి అనుకున్నా. టెస్టింగ్ లో బ్రహ్మాండంగా వచ్చింది. ప్రొడక్షన్ లోకి వెళ్ళాక ఎప్పుడో ఓ రోజు, డబ్బు కట్టకముందే తిరిగిచ్చేసినట్టు ఓ వరస కనబడింది. నేనేమన్నానంటే, ఏదో సర్వర్లో గడియారం తప్పుంది, దాన్ని సరిచెయ్యండి అన్నా. గడియారాలు సరిచేశారు. మళ్ళీ వచ్చింది. అసలు తప్పు గడియారాలది కాదు. రెండు మూడు సర్వర్ల నుంచి వచ్చేవాటికి సమయం అనేది దాదాపు ఎప్పుడూ సరైన వరసే ఇస్తుంది, కానీ వరసంటే అది కాదు. ప్రతి లావాదేవీకీ ఓ క్రమసంఖ్య ఉండాలి, అది మేం దాచుకోనే లేదు. తప్పు పూర్తిగా నాదే. ఆ వారం పడ్డ అక్షింతలు ఇంకా గుర్తున్నాయి.

1869లో మెండలీవ్ చేసింది కూడా అదే (నాకూ ఆయనకీ పోలికా అనకండి, తప్పు వరకే పోలిక). మూలకాల్ని పరమాణు భారం వరసలో పేర్చాడు. దాదాపు అన్నీ చక్కగా కుదిరాయి. టెల్లూరియం, అయొడిన్ దగ్గర మాత్రం తిరగబడింది. టెల్లూరియం 127.6, అయొడిన్ 126.9. భారం ప్రకారమైతే అయొడిన్ ముందు రావాలి. కానీ అయొడిన్ గుణాలన్నీ క్లోరిన్, బ్రోమిన్ కుటుంబానివి. ఆయన గుణాన్నే నమ్మి అయొడిన్ ని తర్వాత పెట్టి, టెల్లూరియం భారం తూచడంలో తప్పుందన్నాడు. అచ్చం నా గడియారం వాదన! ఎన్నిసార్లు తూచినా టెల్లూరియమే ఎక్కువ తూగింది. ఆ తర్వాత ఆర్గాన్ దొరికింది, 39.95. దాని పక్కన పొటాషియం 39.1. భారాన్ని నమ్ముకుంటే, నీళ్ళలో పడేస్తే భగ్గుమనే పొటాషియం దేనితోనూ కలవని జడవాయువుల వరసలో కూర్చోవాలి.

దీనికి కూడా మా నాన్న గల్లాపెట్టె పనికొచ్చింది. పది రూపాయల బిళ్ళ ఎనిమిది గ్రాములు కూడా తూగదు. పాత అయిదు తొమ్మిది గ్రాములు. బిళ్ళల్ని బరువు వరసలో పేర్చావనుకో, అయిదు రూపాయలు పది కన్నా పైనుంటుంది. "అది మరీ అన్యాయం" అంది మా పిల్ల. టెల్లూరియం సంచిలో 128, 130 బరువులవే మూడింట రెండొంతులు. అయొడిన్ ప్రకృతిలో ఒక్క 127 మాత్రమే. అందుకే సగటులో టెల్లూరియం గెలిచింది. ఆర్గాన్ సంగతి ఇంకా తమాషా. గాలిలో ఉన్న ఆర్గాన్ దాదాపు అంతా ఆర్గాన్-40. అదెక్కణ్ణించి వచ్చిందయ్యా అంటే, భూమిలోని పొటాషియం-40 కోట్ల ఏళ్ళుగా క్షీణిస్తూ ఇచ్చింది. అంటే తన పక్కింటివాడి బరువు పెంచి వరస చెడగొట్టింది ఆ పొటాషియమే!

మరి బిళ్ళ మీద అచ్చేసిన సంఖ్యని చదివిందెవరు? హెన్రీ మోస్లీ. 1913లో మాంచెస్టర్ లో, రూథర్ ఫర్డ్ దగ్గర పనిచేస్తూ, ఒక్కో లోహాన్నీ ఎలక్ట్రాన్లతో కొట్టి, దాన్నించి వచ్చే ఎక్స్ రే కిరణాల పౌనఃపున్యం కొలిచాడు. గాలి తీసేసిన గొట్టంలో చిన్న బండి మీద లోహాల్ని వరసగా పేర్చి, ఒకదాని తర్వాత ఒకటి ముందుకి లాగుతూ. పౌనఃపున్యానికి వర్గమూలం తీస్తే మూలకం నుంచి మూలకానికి సమానంగా ఒక్కో మెట్టు పెరుగుతూ పోయింది. భారాలైతే ఒకచోట రెండు, ఒకచోట నాలుగు, ఒకచోట వెనక్కి. ఇదైతే నిచ్చెన. కోబాల్ట్ భారం 58.93, నికెల్ 58.69, అయినా నిచ్చెన మీద కోబాల్ట్ 27, నికెల్ 28. అప్పటిదాకా పరమాణు సంఖ్య అంటే పట్టికలో సీటు నంబరు లాంటిది. డచ్చి దేశపు వాన్ డెన్ బ్రోక్ అనే ఆయన అది కేంద్రకపు ఆవేశం అయ్యుండొచ్చని 1911 నుంచీ అంటున్నాడు. మోస్లీ దాన్ని కొలిచి చూపించాడు. ప్రోటాన్ అన్న పేరు వచ్చింది 1920లో, న్యూట్రాన్ దొరికింది 1932లో. మన పుస్తకం మాత్రం ప్రోటాన్లూ న్యూట్రాన్లూ మొదటి పేజీలో పెట్టి, ఇదంతా ఎవరికో కలలో కనబడ్డట్టు చెబుతుంది.

నిచ్చెనలో ఖాళీ మెట్లు కూడా కనబడ్డాయి. 43, 61, 72, 75. ఏ మూలకాలో తెలీదు కానీ అక్కడ ఒక్కొక్కటి ఉండి తీరాలి. 72 (హాఫ్నియం) 1923లో, 75 (రీనియం) 1925లో, 43 (టెక్నీషియం) 1937లో, 61 (ప్రొమీథియం) 1945లో దొరికాయి. అవి చూడ్డానికి ఆయన లేడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే సైన్యంలో చేరి, సందేశాలు పంపే విభాగంలో అధికారిగా గల్లిపోలి వెళ్ళి, 1915 ఆగస్టు 10న తూటా తగిలి చనిపోయాడు. ఇరవై ఏడేళ్ళు.

నాకిప్పుడు ఇరవై ఏడు. ఇది చదివాక లాప్ టాప్ మూసేసి కాసేపు బాల్కనీలో నిలబడ్డాను.

ఇక ఆఖరుది, మా ఊరి సంగతి. మా కొట్టు ముందు నుంచి వెళ్ళే బస్సుల్లో కొన్ని అశ్వాపురం మీదుగా పోతాయి. అక్కడ గోదావరి ఒడ్డున భారజల కర్మాగారం ఉంది, 1991 నుంచి నడుస్తోంది. చిన్నప్పుడు నాకది 'హెవీ వాటర్', అంతే. బరువైన నీళ్ళు అంటే బురద నీళ్ళేమో అనుకునేవాణ్ణి. నిజానికి ఆ ఫ్యాక్టరీ మొత్తం సంఖ్యకీ భారానికీ మధ్య ఉన్న తేడా మీద కట్టింది. హైడ్రోజన్ పరమాణు సంఖ్య 1. కానీ ప్రతి ఆరు వేల పైచిలుకు హైడ్రోజన్ పరమాణువుల్లో ఒకదాని కేంద్రకంలో ఓ న్యూట్రాన్ అదనంగా ఉంటుంది, దాని బరువు రెట్టింపు. దాన్ని డ్యుటీరియం అంటారు. గోదావరి నీళ్ళలోనూ ఉంది, మీరు పొద్దున తాగిన కాఫీలోనూ ఉంది. దాన్ని ఏరి పోగెయ్యడమే అక్కడి పని. సంఖ్య ఒకటే కాబట్టి రసాయనికంగా రెంటికీ తేడా అతి స్వల్పం. ఆ స్వల్పాన్ని పట్టుకోవడానికి ఎత్తైన స్తంభాల్లో చల్లగా ఒకసారి, వేడిగా ఒకసారి, కుళ్ళిన కోడిగుడ్ల వాసనొచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుతో నీళ్ళని మళ్ళీ మళ్ళీ కలపాలి. ఆ వేడికి సింగరేణి బొగ్గు. తేలిగ్గా ఏరగలిగితే ఇంత తతంగం ఎందుకు? మన దేశంలో భారజల రియాక్టర్లు సహజ యురేనియంతోనే నడిచేది ఆ నీళ్ళ పుణ్యమే, ఆ ఇంధనం కడ్డీలు తయారయ్యేది హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ లో.

మా పిల్లకి ఇవేవీ నచ్చలేదు, భారజలంతో చేసిన ఐసు ముక్క మామూలు నీళ్ళలో మునిగిపోతుందన్నది మాత్రం నచ్చింది. ఇంకోటి కూడా చెప్పాలి. బరువు తేడా వల్ల బేరంలో మార్పుండదని గొప్పగా చెప్పాను కదా, హైడ్రోజన్ దగ్గర అది పూర్తిగా నిజం కాదు. బరువు రెట్టింపు అయ్యేసరికి కొద్దిగా మారుతుంది. అచ్చంగా భారజలం పోస్తే గింజలు మొలకెత్తవు.

అంతటితో ఊరుకుంటే పోయేది. ఊపులో ఇంకో మాట అనేశా. "అందుకే హైడ్రోజన్ భారం 1 కాదు, 1.008. ఆ పైనున్నదంతా డ్యుటీరియం వల్లే" అని. రెండ్రోజుల తర్వాత వాట్సాప్ లో ఓ ఫోటో పంపింది. మళ్ళీ అదే అప్పుల పుస్తకం అట్ట. ఆరు వేలల్లో ఒకటి రెట్టింపు బరువైతే సగటు 1.00016 దాకా రావాలి, 1.008 ఎలా వస్తుంది, యాభై రెట్లు తేడా ఉంది మామయ్యా, అని.

దాని లెక్కే రైటు, నాదే తప్పు. డ్యుటీరియం అస్సలు లేని హైడ్రోజన్ కూడా 1.0078 తూగుతుంది. క్లోరిన్-35 కూడా ఖచ్చితంగా 35 కాదు, 34.969. ఎందుకంటే 1961 నుంచీ కొలబద్ద కార్బన్-12, దాన్ని సరిగ్గా 12 అనుకుని మిగతావన్నీ దానితో పోల్చి తూస్తారు. ప్రోటాన్లూ న్యూట్రాన్లూ విడిగా ఉన్నప్పటి కంటే కేంద్రకంలో ఒకదాన్నొకటి పట్టుకున్నాక తక్కువ తూగుతాయి. రెండు హైడ్రోజన్ లు, రెండు న్యూట్రాన్లు విడిగా 4.033, అవే హీలియం అయ్యాక 4.0026. ఆ పోయిన కొంచెమే సూర్యుడి వెలుతురు. హైడ్రోజన్ ఒంటరిది, పట్టుకోవడానికి ఎవరూ లేరు కాబట్టి దానికి తరుగు లేదు.

ఇది తొమ్మిదో తరగతి పిల్లకి ఎలా చెప్పాలో నాకింకా తెలీలేదు. ఈసారి మాత్రం పై క్లాసు అనలేదు. "నువ్వే రైటు, నేను తప్పు చెప్పా, ఆదివారం దాకా టైమివ్వు" అని రాశా. వెంటనే జవాబొచ్చింది: "సరే. తాతయ్య గల్లాలో రెండు అయిదు రూపాయల బిళ్ళలు తక్కువొచ్చాయంట. నన్నడుగుతున్నాడు. మామయ్య లెక్కలో పోయాయని చెప్పనా?"